పట్టపగలు భయపెట్టిన మా పెదనాయన

పెదనాయన పోయినాడని నాకు ఫిజిక్స్ పీరియడ్‌లో తెలిసింది. మా స్కూల్లో తెలుగు మాట్లాడితే మిస్సుకి కోపం. అందుకని ఆయమ్మ తలుపు దగ్గర నిలబడి, వచ్చీరాని ఇంగ్లీషులో "బిగ్ ఫాదర్ నో" అన్నింది నన్ను చూపిస్తా. క్లాసంతా నవ్వింది. నేనూ ఒక్క సెకను నవ్వినా. ఆ నవ్వు తల్చుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం.

మిట్టమధ్యాహ్నం పోయినాడు. మా పలకల గోడౌన్‌లో కూలోళ్ళు అన్నానికి పోయి వచ్చేసరికి కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడంట. హెడ్‌ఫోన్లు చెవులకే ఉన్నాయి. డాక్టర్ గుండె అన్నాడు. బజార్లో ఇంకో మాట అన్నారు: "దయ్యాల సినిమాలు తీసినోడు గదా, ఊరికే పోతాడా!"

ఆ మాట అన్నోళ్ళ కోసమే ఇది రాస్తున్నా. ఇంట్లో అడిగి రాయడం లేదు.

పెదనాయన అంటే మా నాయనకి సొంత అన్న. మార్కాపురంలో మాది పలకల వ్యాపారం. క్వారీ నించి రాయి తెచ్చి, పలకలు కోయించి, చెక్క ఫ్రేములు కట్టించి లారీలకెక్కిస్తాం. తాత కొడుకులిద్దర్నీ గోడౌన్‌లో కూర్చోబెడితే, పెద్దోడు ఇరవై ఏళ్ళకే మద్రాసు పోయినాడు. ఆడ నించి హైదరాబాదు. మొత్తం ఆరు సినిమాలు తీసినాడు, ఆరూ దయ్యాలవే. మొదటిది బాగా ఆడిందంట. తర్వాత నాలుగు వచ్చినట్టు గూడ చానామందికి తెల్దు. ఆరోది మా ఊర్లోనే తీసినాడు.

రాష్ట్రం విడిపోయిన కొత్తలో ఒక ట్రంకు పెట్టె, ఒక కెమెరా పట్టుకోని మా ఇంటికి వచ్చేసినాడు. నాయన మొహం అదోలా పెట్టి, "ఇప్పుడేం చేస్తావన్నా?" అన్నాడు.

"ఏముందిరా! రాష్ట్రానికి రాజధాని లేదు, నాకు ఆఫీసు లేదు. ఇద్దరం కొత్తగా మొదలుపెడతాం."

నాయన నవ్వలే. నేను స్తంభం వెనకాల నవ్వినా. అది చూసేసినాడు పెదనాయన.

నా గురించి ఒక ముక్క చెప్పాల. నేను చానా పిరికిదాన్ని. బల్లి, బస్సు హారను, ఫోన్లో తెలియని నంబరు, వైవా, అన్నిటికీ భయం. భయమేస్తే అరవను, నోరు పడిపోతాది. ఇంట్లో ఎవరికీ ఏమీ చెప్పను గూడ. ఇట్లాంటి పిల్లని ఎవరైనా దయ్యాల సినిమాలోకి తీసుకుంటారా? ఆయన తీసుకున్నాడు. నా ఉద్యోగం ఏందంటే, కూర్చోని భయపడటం.

స్కూలు నించి వచ్చినాక గోడౌన్ ముందు గదిలో, పలకల దొంతుల మధ్య కూర్చోబెట్టి సీన్లు చెప్పేవాడు. చెప్తా చెప్తా నా మొహం చూసేవాడు కాదు, మోచేతి కింద చూసేవాడు. వెంట్రుకలు లేస్తే "ఓకే" అని కాగితం మీద టిక్కు పెట్టేవాడు. లేయకపోతే సీను కొట్టేసేవాడు.

"బాగుంది పెదనాయనా," అన్నా ఒకసారి మొహమాటానికి.

"నోరు మొహమాటపడతాది పాపా. చెయ్యికి మొహమాటం తెల్దు. చెయ్యి చూపియ్."

ఆయన జేబులో పెన్ను ఉండేది కాదు, ఒక తుప్పు పట్టిన మేకు ఉండేది. పగిలిన పలక మీద ఆ మేకుతో గీసేవాడు. ఆ చప్పుడు మీకు తెలుసు, పళ్ళు జివ్వుమంటాయి. ఆరు సినిమాల్లోనూ దయ్యం వచ్చే ముందు వినపడేది అదే. హైదరాబాదులో పెద్ద పెద్ద మిషన్లు ఉన్నా, మా తాత గోడౌన్‌లోని పలక ముక్కని ట్రంకు పెట్టెలో పెట్టుకోని తిరిగినాడంట. వ్యాపారం వదిలేసినాడని నాయన అంటాడు గాని, ఆ పలకని ముప్పై ఏళ్ళు వదల్లేదు.

ఇంకోటి. ఆయన సినిమాల్లో దయ్యాలు రాత్రి పూట రావు. "చీకట్లో ఎవడైనా భయపెడతాడు. ఎండలో భయపెట్టాల," అనేవాడు. మే నెలలో మా బజారుకి వచ్చి చూడండి, పన్నెండు దాటినాక. షట్టర్లు సగం దించి ఉంటాయి, కుక్క గూడ ఉండదు, తారు మెత్తబడి చెప్పులు అంటుకుంటాయి. యాడనో ఒక తలుపు కొట్టుకుంటాది. ఆయన నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, "విను" అనేవాడు. నేను రోజూ చూసే బజారే. ఆ రోజు నించి మధ్యాహ్నం పూట ఒక్కదాన్నే పోవాలంటే భయం. మా నాయన తిట్టినాడు, పిల్లని పాడు చేస్తున్నావని.

దయ్యాలే ఎందుకని నేనూ అడిగినా.

"దేవుడి సినిమాకి చెప్పులు విప్పుతారు. ప్రేమ సినిమాకి ఈలేస్తారు. దయ్యం సినిమాకి పక్కనోడి చెయ్యి పట్టుకుంటారు. వాడు ఎవడో గూడ చూడకుండా పట్టుకుంటారు. నాకు అదిష్టం పాపా."

షూటింగ్ ఆదివారాలు. స్పెషల్ క్లాస్ అని చెప్పి ఒకసారి పెద్దారవీడు పక్క కొండల దాకా పోయినా. దయ్యం వేషమేసిన అక్క ఎండలో జుట్టు ఇరబోసుకోని నడుస్తా ఉంటే, ఒక అవ్వ గొర్రెల మంద అడ్డమొచ్చింది. గొర్రెలు అక్కని చూసి చెల్లాచెదురుగా పరిగెత్తినాయి.

"ఏందయ్యా, నీ దయ్యానికి నా గొర్రెలు ఏం చేసినాయి?" అని కర్రెత్తింది అవ్వ.

"ఏం చేయలే అవ్వా, చానా బాగా చేసినాయి! ఇంకోసారి తోలుతావా?"

"తోలుతా గాని, ఆ యమ్మకి ముందు జడెయ్యి. ఈ ఎండకి పేలు పడతాయి."

అందరం పడీ పడీ నవ్వినాం. పెదనాయన నవ్వుతానే ఆ అవ్వకి సినిమాలో ఒక సీను రాసినాడు. జడేసుకో అన్న మాట గూడ పెట్టినాడు. హాల్లో అందరూ నవ్విన చోటు అదేనంట. నవ్విన మరు నిమిషం అందరూ బిగుసుకున్న చోటు గూడ అదేనంట.

ఇప్పుడు నేను దాచిన సంగతి.

సినిమా అంతా అయినాక ఒక అరుపు మిగిలింది. క్వారీ గుంతలో దయ్యం మొదటిసారి నోరు తెరుస్తాది. హైదరాబాదులో డబ్బింగ్ చెప్పే ఆమె పది రకాలుగా అరిచి పంపించింది. పెదనాయన వారం రోజులు విని, "ఈమెకి ఏ కష్టమూ లేదు, పాపం," అని పక్కన పెట్టేసినాడు. తర్వాత నా వైపు చూసినాడు.

"నాకు అరవడం రాదు పెదనాయనా."

"ఎప్పుడైనా అరవాలనిపించి అరవకుండా ఉన్నావా?"

ఎవరికీ చెప్పనిది ఆయనకి చెప్పినా. ఏడో క్లాసులో, పక్క పిల్లని తెలుగులో నీళ్ళడిగినానని, నేను తెలుగు మాట్లాడను అని ఇంగ్లీషులో రాసిన అట్ట నా మెడలో తగిలించి, ప్రేయర్ నించి లంచ్ దాకా గేటు దగ్గర నిలబెట్టినారు. రోడ్డు మీద పోయేవాళ్ళంతా చదివినారు. ఆ రోజు నేను ఏడవలే. ఇంట్లో చెప్పలే. అప్పటి నించే నా నోరు పడిపోయేది.

ఆయన అయ్యో అనలే. కూలోళ్ళు అన్నానికి పోయేదాకా ఆగి, పలకల దొంతుల చుట్టూ దుప్పట్లు కట్టి, మైకు పెట్టి, "ఆ గేటు దగ్గర అరవాల్సింది ఇప్పుడు అరువు," అన్నాడు.

అరిచినా. ఎంతసేపో తెల్దు. ఆపినాక గొంతు మండింది. మూలన ఉన్న ఫ్రేముల మీద నించి దుమ్ము రాలింది. పెదనాయన హెడ్‌ఫోన్లు తీసి, తన చెయ్యి నా ముందర పెట్టినాడు. తెల్లటి వెంట్రుకలు, అన్నీ లేచి ఉన్నాయి.

"ఇది భయం కాదు పాపా, కోపం. నా దయ్యానికి ఇదే కావాల," అన్నాడు. తర్వాత, "భయాన్ని పోగొట్టుకోవాలని చూడొద్దు. ఎక్కడ వాడాలో చూసుకో," అన్నాడు.

ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకున్నా. మా ఇంటి ఆడపిల్ల గొంతు ఆయన సినిమాలో వినపడిందంటే, ఆయన ట్రంకు పెట్టె రోడ్డు మీద ఉంటాది. నాయన ముందే చెప్పినాడు అట్లని. సినిమా మా ఊరి హాల్లో వారం ఆడింది. మా ఇంట్లో ఎవరూ పోలేదనే అనుకున్నా. అరుపు గురించి మా క్లాసు పిల్లలే వచ్చి నాకు చెప్పినారు. నేను అవునా అన్నా.

అది ఆడి నాలుగు నెలలు గూడ కాలే, ఆయన పోయినాడు.

పెద్దకర్మ రోజు ఇంటి ముందర షామియానా, ఫ్లెక్సీ. ఫ్లెక్సీలో ఆయన ఫోటో, కింద "పలకల వ్యాపారి" అని ఉంది. ముప్పై ఏళ్ళకి పైగా ఒక్క పలక అమ్మని మనిషి!

"నాయనా, సినిమా డైరెక్టర్ అని రాయాల గదా?"

"చుట్టాలొస్తారు. గమ్మున ఉండు."

గమ్మునే ఉన్నా. అది నాకు బాగా వచ్చిన పని. అన్నాలు తింటా ఉంటే, కొమరోలు నించి వచ్చిన తాత, నాయనకి చిన్నాయన, ఆకు ముందర కూర్చోని అన్నాడు: "పోయినోడు పోయినాడు. ఆ దరిద్రపు సినిమాల్లోకి మన ఇంటి ఆడపిల్లల్ని లాగలేదు, అంతవరకు నయం."

నేను నెయ్యి వడ్డిస్తా ఉన్నా. గిన్నె కింద పెట్టేసినా, లేకపోతే పడిపోయేది.

"లాగలే తాతా. నేనే పోయినా. ఆ సినిమాలో దయ్యం అరుపు నాది."

నాయన సగం ముద్దతో నన్నే చూస్తా ఉన్నాడు. "ఏంది?" అన్నాడు, వినపడనట్టు.

వంటింటి గడప దగ్గర నించి అమ్మ, "దానిదే," అన్నింది.

నాయన అటు తిరిగినాడు. "నీకెట్ల తెలుసు?"

"మ్యాట్నీకి పోయినా. కన్నదాన్ని, గొంతు గుర్తుపట్టలేనా?" అని పప్పు గరిటె పట్టుకోని లోపలికి పోయింది.

నేను గోడౌన్‌లోకి పోయినా. ఆయన కుర్చీ పక్కన ట్రంకు పెట్టె ఉంది. ఆయన జేబులోని మేకు దాంట్లో పెట్టి ఉంది. కొత్త పలక ఒకటి తీసుకోని వచ్చి, ఫ్లెక్సీ కింద నేల మీద కూర్చున్నా. బలపంతో రాస్తే ఎవరైనా తడిగుడ్డతో తుడిచేస్తారు. మేకుతో మొదలుపెట్టినా. తెలుగు రాయడం నాకు అప్పటికి సరిగ్గా రాదు, ఒక్కొక్క అక్షరానికి చానాసేపు పట్టింది. సి గీస్తానే షామియానా అంతా పళ్ళు కరుచుకుంది. కొమరోలు తాత రెండు చెవులూ మూసుకున్నాడు. ఎవరో "ఆపమ్మా తల్లీ!" అన్నారు. నేను ఆపలే. సినిమా అన్న మాట అయిపోయింది, డైరెక్టర్ అన్నది మిగిలింది.

నాయన ఆకు ముందర నించి లేచి వచ్చినాడు. పలక లాక్కోవడానికి చెయ్యి చాపినాడు. నేను భయంతోనే డై గీసినా, గట్టిగా, ఈ చివర నించి ఆ చివరకి.

చెయ్యి సగంలో ఆగిపోయింది. అన్న సినిమా ఒక్కటి గూడ చూడని మా నాయన చెయ్యి. నేను ఆయన మొహం చూడలే. మోచేతి కింద చూసినా. మిట్టమధ్యాహ్నం ఎండలో, వెంట్రుకలన్నీ లేచి నిలబడి ఉన్నాయి.

ఓకే, పెదనాయనా.