రేవులో నీలం పీపా

రేవు మెట్లకు ఎడమ పక్కన ఒక నీలం పీపా పడుకుని ఉండేది. నూనె అయిపోయాక ఎవరో పారేసింది. ముప్పయ్యేళ్ల ఎండకూ వానకూ దాని రంగు పలచబడి, తెల్లవారకముందు ఆకాశానికి ఉండే రంగులోకి వచ్చింది. దాని పక్కనే పడవ కట్టుకునే మనిషిని అందరూ పీపా తాత అనేవారు. అసలు పేరు పడవ లైసెన్సు కాగితం మీద తప్ప ఎక్కడా వాడకంలో లేదు.

మనుషుల్ని నది దాటించడం ఆయన వృత్తి. మునిగినవాళ్లను తీయడం, ఎవరూ చెప్పకుండానే మీద పడిన పని. తీసినవాళ్లను పీపా మీద బోర్లా వేసి, కాళ్లు పట్టుకుని ముందుకూ వెనక్కూ దొర్లించేవాడు. నోట్లోంచి నీళ్లు పడేవి. అవి పడటం చూసి చుట్టూ మూగినవాళ్ల ప్రాణం కుదుటపడేది. ఈ విద్య ఆయనకు తండ్రి నేర్పాడు. పదకొండు మందిని దొర్లించాడు. ఎనిమిది మంది లేచి కూర్చున్నారు. మిగిలిన ముగ్గురి ఊసు రేవులో ఎవరూ ఎత్తరు. ఆ ముగ్గురిలో ఒకడు ఆయన తమ్ముడు.

కోడలు ఆసుపత్రిలో, అత్యవసర విభాగంలో నర్సు. ఇంటికొచ్చి ఏడాది అయింది. ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర గొంతు సవరించుకుంది.

"మామయ్యా, ఒక మాట చెప్తాను, కోప్పడకండి."

"కోప్పడకండి అన్నావంటే కోపం వచ్చే మాటే. చెప్పు."

"ఆ పీపా తీసేయండి. మునిగినవాడికి కావాల్సింది గాలి. మీరేమో పొట్టలో నీళ్లు తీస్తూ కూర్చుంటున్నారు. ఊపిరి ఆగిన మనిషికి దొర్లించినంతసేపూ మెదడుకి గాలి అందదు."

"ఎనిమిది మంది లేచారమ్మా."

"వాళ్లు ఊపిరి ఆగకముందే మీ చేతికి దొరికుంటారు. తొందరగా తీశారు కాబట్టి బతికారు. అది మీ గొప్ప. పీపాది కాదు."

వడ్డిస్తున్న భార్య గరిటె ఆపింది. "ఇన్నేళ్లూ నాకంటే దాన్నే బాగా చూసుకున్నారు. ఇప్పుడు దానికెంత మాట వచ్చిందో చూడండి."

ఆయన నవ్వలేదు. సగం అన్నం మీద చెయ్యి కడిగేసుకుని రేవుకు వెళ్లిపోయాడు. ఆ తరవాత పంతొమ్మిది రోజులు కోడలితో మాట్లాడలేదు. మామగారి అభిమానం దెబ్బతిందని ఇంట్లో అనుకున్నారు. అభిమానం కాదు. ఆ ఎనిమిది మంది పీపా వల్ల బతకకపోతే, ఆ ముగ్గురు నది వల్లే పోయారని ఇక అనుకోవడానికి లేదు. తమ్ముణ్ణి ఆయన చాలాసేపు దొర్లించాడు. ఎవరో భుజం మీద చెయ్యి వేసి ఆపేదాకా. ఆ పిల్ల మాట నిజమైతే, ఆ చాలాసేపు ఏమిటి? తెడ్డు నీళ్లలో పడిన ప్రతిసారీ ఆ ప్రశ్న కూడా మునిగి తేలేది.

ఇరవయ్యో రోజు ఆసుపత్రికి వెళ్లాడు. ఒక గదిలో కోడలు నేల మీద రబ్బరు బొమ్మను పడుకోబెట్టి నలుగురు కొత్త నర్సులకు ఏదో చూపిస్తోంది. ఆయన గుమ్మంలో నిలబడ్డాడు.

"ఊరికే ఇటు వచ్చాను," అన్నాడు. రేవుకూ ఆసుపత్రికీ మధ్య రెండు మైళ్లు.

"రండి మామయ్యా, కూర్చోండి," అని బొమ్మ పక్కన చోటిచ్చింది, అంతకుముందు రోజే మాట్లాడుకున్నట్టు.

తల వెనక్కి వంచి గడ్డం పైకెత్తడం, ముక్కు మూసి నోట్లో నోరు పెట్టి మొదట అయిదు ఊపిర్లు ఇవ్వడం, ఆ తరవాత రొమ్ము మధ్యన ముప్ఫైసార్లు నొక్కి రెండు ఊపిర్లు, మళ్లీ ముప్ఫై.

"ఇంత గట్టిగానా? ఎముకలు విరగవూ?"

"విరిగితే అతుక్కుంటాయి. ముందు మనిషి ఉండాలిగా."

గంటసేపు నొక్కాడు. లేచేటప్పుడు మోకాళ్లు పట్టుకుని, "ఈ బొమ్మకు మీ అత్తయ్య కంటే ఓపిక ఎక్కువ," అన్నాడు. కోడలు తల వంచుకుని నవ్వింది.

వానలు మొదలైన వారానికి, ఇటుకలు మోసే మనిషి ఒకడు పడవకూ మెట్లకూ మధ్య వేసిన చెక్క మీద జారి నీళ్లలో పడ్డాడు. తాత దూకి ఒడ్డుకు లాక్కొచ్చేసరికి అతనిలో ఊపిరి లేదు. అప్పటికే ఇద్దరు పీపాను దొర్లించుకుంటూ తెచ్చారు. తోవకు అడ్డం పడిన దాన్ని ఆయన కాలితో నెట్టాడు. పీపా డబడబా మెట్లు దిగి నీళ్లలో పడింది.

"తాతకి మతిపోయిందిరా," అన్నాడు ఎవరో.

"ఆంబులెన్సుకి ఫోన్ చెయ్యి, మతి సంగతి తరవాత," అంటూనే ఆయన మోకాళ్ల మీద కూర్చుని ఊపిరి ఊదాడు. అయిదుసార్లు. ఆ తరవాత నొక్కడం. పీపా లేని చోట జనానికి చూడటానికి ఏమీ లేకపోయింది. అందరూ ఆయన అంకెలు వింటూ నిలబడ్డారు. మధ్యలో నోటికి నీళ్లొస్తే పక్కకు తిప్పి, నోరు తుడిచి, మళ్లీ మొదలుపెట్టాడు. నాలుగో ముప్ఫై పూర్తి కాకుండానే ఆ మనిషి దగ్గాడు.

కాసేపటికి లేచి కూర్చుని, "బాగానే ఉన్నా, ఇంటికెళ్తా," అన్నాడు.

"ఎక్కడికీ వెళ్లవు. ఊపిరితిత్తుల్లోకి వెళ్లిన నీళ్లు సాయంత్రానికైనా దెబ్బ తీస్తాయట. నా కోడలు చెప్పింది. ఆవిడతో నేను పెట్టుకోలేను." పడవలోని పొడి దుప్పటి అతనికి కప్పి, తనూ ఆంబులెన్సు ఎక్కాడు.

వార్డు బయట బెంచీ మీద తడి బట్టలతోనే కూర్చున్నాడు. కోడలు వచ్చి, అతనికి ప్రమాదమేమీ లేదని, రేపటిదాకా ఉంచుతారని చెప్పింది. ఆయన నేలకేసి చూస్తూ అడిగాడు.

"అమ్మాయ్, మా తమ్ముడికి అప్పుడు ఇలా చేసుంటే?"

ఆమె పక్కన కూర్చుంది. "ఎంతసేపు నీళ్లలో ఉన్నాడు?"

"తెలియదు. నేను అవతలి ఒడ్డున ఉన్నాను."

"అయితే నాకూ తెలియదు మామయ్యా. బతికేవాడనలేను, బతికేవాడు కాదనీ అనలేను."

ఆయన తలాడించాడు. ఓదార్చడానికి ఏదో ఒకటి చెప్పనందుకు, ఆ పిల్ల మాట మీద నమ్మకం ఇంకాస్త పెరిగింది.

పీపా కొంత దూరం కొట్టుకుపోయి రెల్లులో ఆగింది. మర్నాడు తెచ్చి, మూతి బిగించి, మోకు కట్టి రేవు స్తంభానికి వేలాడదీశాడు. ఎవరైనా పడితే, ఈత రానివాళ్లు దూకకుండా దాన్ని నీళ్లలోకి వదలాలి. అది ముప్పయ్యేళ్లు పడుకున్న చోట గడ్డి లేని మట్టి పట్టీ ఒకటి మిగిలింది. ప్రతి గురువారం పడవవాళ్లను అక్కడే కూర్చోబెట్టి, ఆసుపత్రి నుంచి తెచ్చిన బొమ్మ మీద నేర్పుతాడు. మొదలుపెట్టే ముందు ఆ బొమ్మను బోర్లా వేసి, కాళ్లు పట్టుకుని ఒకసారి ముందుకూ వెనక్కూ ఊపుతాడు.

"మా తమ్ముడికి నేను ఇలా చేశాను," అంటాడు. తరవాత బొమ్మను వెల్లకిలా తిప్పుతాడు.