ముడితే పెరిగే పుండు

హాపై దీవుల్లో చెట్టు బెరడును కొయ్య సుత్తితో కొట్టి బట్ట చేయడంలో లోసలీనేకి పేరుంది. యాభై ఏళ్ల మనిషి, మూలిగి ఎరగదు. ఎడమ మోకాటి కింద పగడపురాయి గీరుకుంటే ఉప్పునీళ్లతో కడిగి ఊరుకుంది. వారం తిరిగేసరికి అది అరచేయంత పుండయింది. అంచులు ఊదారంగుకు తిరిగాయి.

దీవిలోని నర్సు చచ్చిన చర్మం గీకి కట్టు కట్టింది. మర్నాటికి పుండు వేలెడు పెరిగింది. మళ్లీ గీకింది, మళ్లీ పెరిగింది. లోపలెవరో కూర్చుని, చేయి తగలగానే పక్కకి జరుగుతున్నట్టుండేది.

చెల్లెలు ఆకనేసి, సమాధిలో అమ్మ ఎముకల్ని ఏదో బాధిస్తోందని తేల్చేసింది. మానని పుండుకి ఆ దీవిలో అందరూ చెప్పే కారణం అదే. పట్టపగలే ఇసుక తవ్వారు. అమ్మ కాలి ఎముకలో వేరు దిగి ఉంటుందని వెతికారు. కాలి ఎముకలు శుభ్రంగా ఉన్నాయి. వేరు ఉన్నది కడుపు ఉండాల్సిన చోట, ఉండలా చుట్టుకుని. కోస్తే ఎర్రటి నీరు కారింది. కాలిది కాదు కదా అని ఆకనేసి విసుక్కుని దాన్ని అవతల పారేసింది. ఎముకలకు కొబ్బరినూనె రాసి మళ్లీ పడుకోబెట్టారు. లోసలీనే మాత్రం తన పొట్ట మీద చేయి వేసుకుంది. నాలుగేళ్లుగా తన కడుపులో జరుగుతున్నది ఆమె ఎవరికీ చెప్పలేదు.

పుండు ఎముక దాకా దిగాక విదేశీ డాక్టర్ల ఓడ వచ్చింది. రోగుల్ని బడిలో చూస్తున్నారు. నర్సు పక్కగదిలో కాన్పు చేస్తోంది. ఇక ఇంగ్లీషు వచ్చినవాడు తమ్ముడు సేమిసీ ఒక్కడే, ఆ బడి పంతులు. ఆ దీవుల్లో తమ్ముడి ఎదుట అక్క ఒంటి సంగతులు ఎత్తకూడదు. ఒకే గదిలో కూర్చోవడమే ఎబ్బెట్టు. అలాంటిది ఆమె మాటలు మోయాల్సింది అతనే. మర్యాదకీ ఒక వేళాపాళా ఉండొద్దూ!

డాక్టరు పొడుగ్గా ఏదో అడిగాడు. సేమిసీ గోడకేసి చూస్తూ దాన్ని కురచ చేశాడు.

"కడుపు బాగానే ఉందా అక్కా అంటున్నాడు."

ఉందని ఆమె తలూపింది. డాక్టరు పెన్ను తీసి మోకాలి పైన గీత గీశాడు. కాలు తీసేస్తారట. లోసలీనే తమ్ముడి వైపు తిరిగింది.

"ఒరే, ఇది చెప్పు ఆయనకి. దొడ్డికెళ్తే రక్తం పడుతోంది. నాలుగేళ్లయింది."

సేమిసీ ముఖం కందిపోయింది. ఒక్కో మాటా ఉమ్మేస్తున్నట్టు చెప్పాడు.

డాక్టరు గీత తుడిచేశాడు. పేగుల్లో పుళ్లున్నవాళ్లకు అరుదుగా చర్మం మీదా ఇలా లేస్తుందట. ఒంటిని కాపాడాల్సిన కణాలే ఒంటిని తింటాయట. కత్తి తగిలితే మరీ చెలరేగుతుందట. పరీక్షల్లో వేరే జబ్బు లేదని తేల్చుకుని, పుండుకీ కడుపుకీ కలిపి స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టారు. గీకడం మానేసి మెత్తటి కట్టు కట్టారు.

ఐదు నెలలకు పుండు మూసుకుపోయి జల్లెడలాంటి మచ్చ మిగిలింది. ఉడికించిన పెండలం దుంపలు పట్టుకుని ఆమె తమ్ముడింటికి నడిచింది. మరదలు ఎదురొచ్చి, "ఆయన ఇంట్లో లేరు వదినా" అంది. పళ్లెంలో చేప సగం తిని ఉంది. పెరటి తలుపు ఇంకా ఊగుతోంది. లోసలీనే దుంపలు అక్కడ పెట్టి, రెండు కాళ్ల మీదా నడిచి ఇంటికొచ్చి, కూర్చుని ఏడ్చింది.