ఎడమవైపు కిటికీ

ఆఫీసులో అందరూ ఆయన్ని 'ఎడమ కిటికీ' అని పిలిచేవారు. అసలు పేరు జీతాల పట్టీలో ఉండేది, అంతే. ముప్పై ఒక్క ఏళ్ళు టికెట్ కౌంటరులో కూర్చుని, సరిహద్దు దాటి పక్క దేశానికి వెళ్ళే పగటి రైలుకి సీట్లు రాసిచ్చిన మనిషి.

ఆ రైలుకి పేరంతా సరస్సు వల్ల వచ్చింది. సరిహద్దు స్టేషను దాటాక మూడు గంటలపాటు పట్టాలు నీళ్ళ అంచునే పోతాయి. ఇవతలి వైపు చెప్పుకోదగ్గదేమీ లేదు, పొలాలూ సొరంగాలూనూ. సీట్ల చార్టు ఇంకా పెన్సిలుతో నింపే రోజులవి. ఎవరు ఎటు కూర్చోవాలన్నది ఆయన చేతిలో పని. మర్యాదగా మాట్లాడినవాళ్ళకి, పిల్లలతో వచ్చినవాళ్ళకి, "ఎడమవైపు కిటికీ ఇస్తున్నా, సరస్సంతా మీదే పొండి" అనేవాడు. వరస తప్పి దూరేవాళ్ళకీ, గొంతు పెంచేవాళ్ళకీ కుడివైపు రాసి పారేసేవాడు.

ఆయన ఎప్పుడూ ఆ రైలెక్కలేదు. గోడమీద మ్యాపుంది, అందులో ఎర్రగీత పక్కన ఎడమవైపు నీలిరంగుంది, ఇంకేం కావాలి? ఒకసారి ఒక మాస్టారు ప్రయాణం ముగించుకుని వచ్చి, "ఏమయ్యా, దారి పొడుగునా కొండరాయి తప్ప ఏమీ కనబడలేదు" అన్నాడు. "నిద్రపోయి ఉంటారు సార్" అని ఈయన జవాబు. మాస్టారు వాదించబోయాడు గానీ, తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషితో ఎంతసేపు వాదిస్తాడు?

ఆయన్ని పెంచింది అక్క. తల్లి పోయేనాటికి అక్కకి పదిహేడు, ఈయనకి ఆరు. స్కూలు యూనిఫారాలు కుట్టే షాపులో మిషను తొక్కి తమ్ముణ్ణి చదివించింది. షాపు ఇరుకు. మిషన్లన్నీ గోడవైపు తిప్పి ఉండేవి. అలా నలభై ఏళ్ళు గోడని చూస్తూ కుట్టింది. నోట్లో నాలుక లేని మనిషి. బస్సులో తన కాలు తొక్కినవాడికి తనే దారిచ్చేది.

అక్క పని మానేసిన ఏడాది ఆమెకి ఏదైనా చెయ్యాలని ఈయనకి గట్టిగా అనిపించింది. ఏం కావాలని అడిగితే, "సరస్సు చూడాలనుందిరా" అంది.

చార్టు తీసి, రానూపోనూ నాలుగో పెట్టెలో పదిహేడో నంబరే రాశాడు. ఎడమవైపు, చక్రాల మోత తగలకుండా పెట్టె నడుమ, అద్దం పెద్దది. అంతకన్నా మంచి సీటు ఆ రైల్లో లేదని ఆయన నమ్మకం.

"నువ్వు కూడా రారా. నాకు ఒక్కదానికి ఏం తోస్తుంది?"

"కౌంటరు ఎవరు చూస్తారక్కా? సెలవులు పెడితే పైవాళ్ళు ఊరుకోరు."

ఊరుకునేవాళ్ళే. ఆయన సెలవులు ఏటా మురిగిపోయేవి. తాను లేకపోతే ఎవరికి ఎటు సీటివ్వాలో తెలియక ఆఫీసు అల్లకల్లోలమైపోతుందని ఆయన గట్టి అభిప్రాయం.

అక్క ఒక్కతే వెళ్ళొచ్చింది. "ఎలా ఉంది?" అంటే, "ఏం చెప్పనురా! నీళ్ళు నీలంగా, అద్దంలా ఉన్నాయి. మూడు తెల్ల పడవలు కూడా చూశా" అంది. ఆ సంతోషం ఆయనకి ఏళ్ళ తరబడి సరిపోయింది. ఎవరు కనబడినా తన అక్కకి సరస్సు చూపించానని చెప్పుకునేవాడు.

ఈ ఏడాది అక్క పోయింది. అప్పటికి ఆయన రిటైరై రెండేళ్ళు. నెల తిరక్కుండానే వెళ్ళి, ఆ పదిహేడో నంబరే అడిగి టికెట్ తీసుకున్నాడు. అక్క చూసిందేదో ఆమె కూర్చున్న చోటే కూర్చుని చూడాలని, ఆ మూడు గంటలైనా ఆమె పక్కన ఉన్నట్టుంటుందని ఆయన ఆశ.

సరిహద్దు స్టేషనులో కాగితాలు చూశారు. ఇటువైపు ఇంజను విప్పేసి తీసుకుపోయారు. అక్కడ ఇంజను మారుతుందని ఆయనకే కాదు, ఆఫీసులో బంట్రోతుకి కూడా తెలుసు. ఇటు డ్రైవరూ గార్డూ అక్కడే దిగి విశ్రాంతి గదికి పోతారు, సాయంత్రం తిరుగు రైలు పట్టుకుని వచ్చేస్తారు. కొత్త ఇంజను ఎటుపక్క తగిలిస్తారని ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

కొత్త ఇంజను వెనకపక్క తగిలించారు. పట్టాలు ఆ స్టేషనులోనే ఆగిపోతాయట. అక్కణ్ణుంచి రైలు వెనక్కి మళ్ళి పక్క లైనులోకి పోతుంది. కుదుపుతో పెట్టె వెనక్కి కదిలింది. రైలు మొహం తిప్పుకుంటే ఎడమ కుడవుతుంది. లెక్క అరక్షణంలో అర్థమైంది, అర్థం కావడానికి ముప్పై ఒక్క ఏళ్ళు పట్టింది.

కిటికీకి జానెడు దూరంలో నల్లటి కొండరాయి మొదలైంది. ఎంతకీ అయిపోలేదు. పెద్దమనుషుల్నీ పసిపిల్లల్నీ ఏరి ఏరి రాయికి ఎదురుగా కూర్చోబెట్టాడు. సరస్సంతా వరస తప్పి దూరినవాళ్ళకి పంచిపెట్టాడు. వాళ్ళ సంగతి ఎలా ఉన్నా, అక్కనీ ఈ రాయి ముందే కూర్చోబెట్టాడు.

అటువైపు కిటికీ దగ్గర కూర్చున్నామె ఆయన మొహం చూసి లేచింది. "బాబాయిగారూ, ఇలా వచ్చి కూర్చోండి. అక్కడేం కనిపిస్తుంది?"

వెళ్ళి కూర్చున్నాడు. సరస్సు నీలంగా లేదు. బూడిదరంగు కలిసిన ఆకుపచ్చ. ఒడ్డంతా రెల్లు. పడవలు తిరిగేంత లోతే లేదు. మూడు తెల్ల పడవలు ఎక్కడివో అప్పుడు తట్టింది. తన కౌంటరు పక్కన అంటించిన పోస్టరులోవి. అన్నం క్యారేజీ ఇవ్వడానికి వచ్చినప్పుడల్లా అక్క దాని ముందే నిలబడేది.

తాను వెంట వచ్చుంటే రైలు తిరగ్గానే లేచి, ఎవరితోనైనా పోట్లాడైనా అక్కని ఇటు కూర్చోబెట్టేవాడు. అక్క ఎవర్నీ అడిగి ఉండదు. మూడు గంటలూ రాయి చూస్తూ, ఇంటికెళ్ళి తమ్ముడికి ఏం చెప్పాలో కూర్చుకుని ఉంటుంది. ఆయన పైకే ఏడ్చాడు.

"మీవాళ్ళెవరైనా వెంట రాలేదా?" అంది ఆమె.

ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆ ప్రయాణం తర్వాత ప్రతి వేసవిలోనూ అక్క ఒక మాట అడిగేది. "ఒరే, ఈసారి ఇద్దరం కలిసి సరస్సుకి వెళ్దామా?" పన్నెండేళ్ళు అడిగింది. "చూసొచ్చావు కదక్కా, చూసిందే ఎన్నిసార్లు చూస్తావు?" అని ఈయన విసుక్కున్నప్పుడల్లా, "నిజమేలేరా" అని ఊరుకునేది.