ఉస్మాన్ సాబ్ జేబు

"ఏం సాబ్, మిల్లు కరెంటంతా జేబులో ఏసుకోని యాడికి పోతాండావు?"

ఆదోనిలో ఒక పత్తిమిల్లు మేనేజరు వెంకటేశులు, గేటు దగ్గర ఉస్మాన్ సాబ్‌ను నిలబెట్టి అడిగాడు. మిల్లుకూ, కూలీలు కాపురముండే లైన్ల గదులకూ సాబ్ ఒక్కడే ఎలక్ట్రీషియన్. ఎక్కడ మరమ్మతు చేసినా అక్కడి పింగాణీ ఫ్యూజు పీకి జేబులో వేసుకుంటాడు. తిరిగి పెట్టడం మరిచిపోతాడు. ఆయన చొక్కా మార్చిన రోజు సగం మిల్లు చీకటి.

"నమాజుకు సార్."

"ఫ్యూజులు గూడా నమాజు సేస్తాయా?"

"నా జేబులో ఉంటే యెవుడూ సుచ్చి ఏయలేడు గద సార్."

వెంకటేశులు తన ఆఫీసు ఫ్యాను ఫ్యూజుకు ఎర్రరంగు పూయించాడు. "దీన్ని ముట్టుకుంటివా, పని పాయె!"

ఆ జేబుకో పుట్టినరోజుంది. యంత్రంలో ఇరుక్కున్న దూదిని కూలీ యేసేపు తీస్తుండగా ఎవరో చూడక స్విచ్చి వేశారు. కుడిచేయి పోయింది. మర్నాటినుంచే సాబ్ జేబు బరువెక్కింది. యజమాని యంత్రానికి పూజ చేయించి కొబ్బరికాయ కొట్టాడు. నష్టపరిహారం మాట మాత్రం ఎత్తలేదు.

డబ్బిచ్చేదాకా లైన్ల గది ఖాళీ చెయ్యనంది యేసేపు భార్య సారమ్మ. సొంతూరు పెద్దకడుబూరు వెళ్లిపోతే ఆ డబ్బు మాట అంతటితో సరి అని ఆమెకూ తెలుసు, యజమానికీ తెలుసు. ఆమె సాయంత్రాలు గోనెసంచులు కుడుతోంది. "దీపం పీకించు, వాళ్లే పోతారు" అని మేనేజరుకు యజమాని హుకుం.

సాబ్ ఆ గది ఫ్యూజు పీకి బుద్ధిగా మేనేజరు చేతిలో పెట్టాడు. వెంకటేశులు దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాడు. మర్నాడు ఆఫీసు ఫ్యాను ఆగింది.

"ఏమాయె సాబ్?"

"లోడెక్కువైంది సార్."

సాయంత్రం లైన్లలో సారమ్మ గది వెలుగుతూ కనిపించింది. వెంకటేశులు మండిపడుతూ పోయి గుమ్మం పక్క ఫ్యూజు పెట్టె తెరిచాడు. ఎర్రరంగు! పీకబోతుండగా లోపలినుంచి మాటలు వినిపించాయి. యేసేపు మోకాళ్ల మధ్య సంచి ఇరికించుకుని, ఎడంచేత్తో పట్టుకుంటే సారమ్మ కుడుతోంది.

"ఇంగా బిగబట్టు."

"ఇంగో సెయ్యి యాడ తెద్దు మే? మిల్లోళ్లనడుగు!"

ఇద్దరూ నవ్వారు. వెంకటేశులు పెట్టె మూసి వచ్చేశాడు.

మర్నాడు అడిగాడు: "సాబ్, లోడెప్పుడు తగ్గుతాది?"

"వాళ్ల డబ్బొచ్చినాంక సార్."

వెంకటేశులు విసనకర్ర తెప్పించుకున్నాడు. యజమాని వచ్చి ఆరా తీస్తే, "ఆ గది ఫ్యూజు ఇదో, నా బీరువాలోనే ఉండాది సామీ" అని గంభీరంగా తీసి చూపించాడు.

ఆ విసనకర్ర చిరిగి రెండోది వచ్చింది. యేసేపు చేతి డబ్బు మిల్లు ఇంకా ఇవ్వలేదు.