సారు మధ్యలో ఆపేసిన ఈల

మా ఇంజనీరు సారు చనిపోయాడన్న కబురు నాకు ఆయన ఫోన్ నుంచే వచ్చింది. గురువారం పొద్దున ఒమాన్ దేశపు ఖబూరాలో డ్యూటీ బస్సు కోసం నిలబడి ఉన్నాను. రిటైరై వాళ్ల దేశం వెళ్లిపోయిన సారు పేరు స్క్రీన్ మీద చూసి సంబరపడి వాయిస్ మెసేజ్ నొక్కాను. ఆడగొంతు వినిపించింది. "నేను ఆయన కూతుర్ని. మంగళవారం నాన్న పోయారు. ఆయన ఫోన్లో మీ నంబరు 'నా కార్పెంటర్' అని ఉంది." అంతవరకు ఒక్కసారికే అర్థమైంది. మిగతాది నాలుగుసార్లు విన్నాను. నాది సైట్ ఇంగ్లీషు. ప్లైవుడ్‌కూ మేకులకూ సరిపోతుంది గాని చావుకబురుకు చాలదు.

చివరి మూడు రోజులు సారుకు సోయి లేదట. ఎవరినీ గుర్తుపట్టలేదు గాని పాట పాడాడట. ఒకే పాట, మళ్లీ మళ్లీ. వాళ్ల స్కాట్లాండులో ఫుట్‌బాల్ మ్యాచుకు వచ్చిన ఒక జట్టు జనం, అవతలి జట్టు వాళ్ల చర్చిని, వాళ్ల పుట్టుకను తిడుతూ పాడే పాట అది. సారు భార్య ఆ అవతలి చర్చి మనిషి. ముప్పై ఏళ్లకు పైగా కాపురం చేసిన ఆవిడ ఆ పాట వినగానే మంచం పక్క నుంచి లేచి వెళ్లిపోయింది. మళ్లీ ఆ గదిలో అడుగుపెట్టలేదు. శనివారం అంత్యక్రియలకు కూడా రానంటోంది. "మీరు నాన్నతో పదకొండేళ్లు పనిచేశారు. అక్కడ కూడా ఆ పాట పాడేవారా? ఆయన ఎలాంటి మనిషో నిజం చెప్పండి," అని అడిగింది కూతురు.

ఆ నిజం తెలిసినవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే. ఎవరికీ చెప్పనని నేను సారుకు మాటిచ్చి ఉన్నాను కూడా. బస్సు వచ్చింది, ఎక్కాను, సైట్ దాటిపోయినా దిగలేదు.

సారు పొడగరి. ఎండకు ముఖం కందిపోయి ఎప్పుడూ కోపంగా ఉన్నట్టు కనబడేవాడు గాని, కోపం మనిషి కాడు. స్లాబు పోసే ముందు షట్టరింగ్ కింద నిలబెట్టిన ఒక్కో ఇనప కాలునూ సుత్తితో తట్టి చెవి పెట్టి వినేవాడు. నేను అప్పటికే తట్టి చూసి ఉంటాను, అయినా తడతాడు. నాకు ఒళ్లు మండేది. "నా మీద నమ్మకం లేదా సారూ?" అంటే, "నీ మీద ఉంది, నా మీద లేదు," అనేవాడు. వచ్చీరాని హిందీలో చెప్పేవాడు. నాకర్థమైనదే తెలుగులో రాస్తున్నాను. మా పచ్చిపులుసును సూప్ అనుకొని గ్లాసులో పోయించుకొని తాగేవాడు. కళ్ల వెంట నీళ్లు కారుతున్నా గ్లాసు దించేవాడు కాదు.

లెవెల్ మెషిన్‌లో కన్ను పెట్టినప్పుడు ఈల వేసేవాడు. మంచి జోరున్న బాణీ. సగం దాకా వచ్చి, నాలుక కరుచుకున్నట్టు ఠక్కున ఆపేవాడు. అట్లా ఎందుకు ఆపుతాడో మాకు తెలియదు. ఆ బాణీ మాత్రం మా వాళ్ల నోళ్లకు పట్టేసింది. షట్టరింగ్ పలకలు పైకెత్తేటప్పుడు అందరం అదే అందుకునేవాళ్లం. అప్పుడు సారు చేతిలో కాగితాలు అక్కడే వదిలేసి అవతలికి వెళ్లిపోయేవాడు. బాణీ బాగా కుదరలేదేమో అనుకునేవాణ్ణి.

ఒక సాయంత్రం డ్రాయింగ్ మీద సంతకం కోసం క్యాబిన్‌కు పోతే, కంప్యూటర్‌లో వాళ్ల ఊరి మ్యాచ్ చూస్తున్నాడు. వేలమంది నోళ్లు తెరిచి పాడుతున్నారు, చప్పుడు మాత్రం లేదు.

"ఆవాజ్ ఖరాబయిందా సారూ?"

"ఆవాజ్ ఠీక్ హై. గానా ఖరాబ్ హై," అన్నాడు తెర మీద నుంచి కన్ను తీయకుండా.

వాళ్ల ఊళ్లో రెండు జట్లు ఉన్నాయని, ఒక జట్టుది ఒక చర్చి, ఇంకో జట్టుది ఇంకో చర్చి అని ఆ రోజే చెప్పాడు. ఇద్దరి దేవుడూ ఏసేనట. మరి కొట్లాట దేనికి అని అడిగాను. "అదే తెలిస్తే పాడరు కదా," అన్నాడు. నేను నవ్వాను. ఒక్క దేవుడి కోసం తన్నుకునే దొరలు ఎంత తెలివితక్కువవాళ్లో అనుకుంటూ రూమ్‌కు వచ్చాను.

ఇక నా తెలివి సంగతి చెప్తాను. మాది జగిత్యాల పక్క పల్లె. ఊళ్లో చిరుతల భజనకు పాటలు కట్టేవాణ్ణి. క్యాంపులో నా వంట కడప ఖాదర్ భాయ్‌తో కలిపి ఉండేది. ఆయన స్లాబు కడ్డీలు వంచే రాడ్ బెండర్, నాకన్నా పదేళ్లు పెద్ద. కూరల్లో ఉప్పుకారాలు ఆయన చేతివే. శుక్రవారం సాయంత్రాలు సముద్రం ఒడ్డున మేం కరీంనగర్ వైపు వాళ్లం ఒక జట్టు, కడప, హైదరాబాద్ వాళ్లు ఒక జట్టు కట్టి ఫుట్‌బాల్ ఆడేవాళ్లం. వాళ్ల గోల్‌కీపర్ ఖాదర్ భాయ్. పొట్ట అడ్డం పెట్టినా సగం గోల్స్ ఆగేవి.

ఆ శుక్రవారం మేం ఓడిపోతున్నాం. నాకు ఉక్రోషం వచ్చి సారు బాణీకి మాటలు కట్టాను. మొదటి చరణం భాయ్ పొట్ట మీద. అందరూ నవ్వారు, భాయ్ కూడా పొట్ట చరుచుకొని నవ్వాడు. అక్కడ ఆపితే ఎంత బాగుండేది. మావాళ్లు "ఇంకోటి అనన్నా" అన్నారు. రెండోది ఆయన టోపీ మీద, నమాజు మీద కట్టాను. మూడోది ఆయన తినే తిండి మీద, ఆయన ఏ దేశం పోవాలో దాని మీద. ఆ మాటలు ఇక్కడ రాయను. పదిహేనుమంది చప్పట్లు కొడుతూ అందుకున్నారు. భాయ్ నవ్వడం మానేశాడు. వంగి ఇసుకలోంచి చెప్పులు తీసుకొని, వెనక్కి చూడకుండా క్యాంపు వైపు నడిచిపోయాడు. మేం బంతిని ఖాళీ గోల్‌లోకి తన్ని గెలిచామని ఎగిరాం.

సారు శుక్రవారాలు ఆ ఒడ్డునే నడిచేవాడు. పది గజాల దూరంలో నిలబడి అంతా చూశాడు. తెలుగు రాదు గాని బాణీ తెలుసు, ఖాదర్ భాయ్ ముఖమూ తెలుసు. నన్ను పక్కకు పిలిచి, "ఏం పాడావు?" అన్నాడు.

"ఉత్తగనే సారూ, మజాక్."

"నాదీ మజాకే," అని ఆ ఇసుకలోనే చతికిలబడి చెప్పాడు.

ఆయనకు పందొమ్మిదేళ్లప్పుడు, మ్యాచ్ అయ్యాక తిరిగి వచ్చే రైలు పెట్టెలో తన వీధి పిల్లవాడు ఎదురయ్యాడు. ఇద్దరూ ఒకే షెడ్డులో పని నేర్చుకుంటున్నవాళ్లు, ఒకే డబ్బాలో తిన్నవాళ్లు. ఆ పిల్లవాడి మెడలో అవతలి జట్టు మఫ్లరు. పెట్టె పెట్టెంతా ఆ బాణీలోని తిట్టుపాట పాడుతుంటే సారు కూడా వాడి ముఖంలోకి చూస్తూ పాడాడు. ఆ పిల్లవాడు తనది కాని స్టేషన్‌లో దిగిపోయాడు. వాడి వెనక నలుగురు దిగారు. సారు సీట్లోనే కూర్చొని పాట పూర్తి చేశాడు. వాడికి ఒక కన్ను పోయింది.

"నేను చెయ్యి వేయలేదు. పాడానంతే," అన్నాడు సారు. "రేపు వెళ్లి చూద్దాం అనుకున్నా, వెళ్లలేదు. నా భార్యదీ ఆ చర్చే. ఆమెకూ చెప్పలేదు, నువ్వూ ఎవరికీ చెప్పకు. ఆ పాట మాత్రం పోదు. నేను ఏమరుపాటుగా ఉన్నప్పుడు నోట్లోకి వచ్చేస్తుంది. పొద్దున పోసిన కాంక్రీటుకు సాయంత్రం సారీ చెబితే వినదు. నువ్వు ఇప్పుడే పో."

చెప్పనని మాటిచ్చి పోయాను. ఖాదర్ భాయ్ ఉల్లిగడ్డలు కోస్తున్నాడు. తప్పయింది భాయ్ అన్నాను. కత్తి ఆపలేదు. "టోపీ మీద పాడితివి, సరేలే. నా ఉప్పు తిన్న నోటితోనే పాడితివి సూడు, అది నాకు అరగలేదప్పా," అన్నాడు. రెండు నెలలు వేరుగా వండుకున్నాడు. ఒక రోజు తనే వచ్చి నా పళ్లెంలో కూర వేశాడు. ఆ రాత్రి ఇద్దరి గిన్నెలూ నేనే కడిగాను.

ఇదంతా సారు కూతురికి చెప్పాలా, ఇచ్చిన మాట నిలుపుకోవాలా? గురువారం రోజంతా కొట్టుమిట్టాడాను. సాయంత్రం ఖాదర్ భాయ్‌నే అడిగాను. "మాట నిలబెట్టుకొని ఆ తల్లిని ఏడిపిస్తావా? సెప్పు," అన్నాడు. ఆయన పక్కన కూర్చుంటే నాకొచ్చిన సైట్ ఇంగ్లీషులోనే రికార్డు చేశాను. రైలు సంగతీ, సగంలో ఆపే ఈలా, నా పాటా, అన్నీ చెప్పాను. "అమ్మా, మీ నాన్నకు ఆ పాట మీద ప్రేమ లేదు. బతికినన్నాళ్లు దాన్ని నోట్లో పట్టి ఆపుకున్నాడు. చివరికి ఆపే బలం లేకపోయింది," అన్నాను.

శనివారం జవాబు వచ్చింది. వాళ్లమ్మ ఆ మెసేజ్‌ను రెండుసార్లు వినిపించుకుందట. అంత్యక్రియలకు వచ్చి ముందు వరసలో కూర్చుందట. ఇవన్నీ రాసుకోవచ్చని కూతురే అనుమతి ఇచ్చింది.

నాకు మాత్రం అప్పటి నుంచి స్థిమితం లేదు. మొన్న భాయ్‌తో అన్నాను. "భాయ్, రేపు నేను మంచంల పడి సోయి తప్పినప్పుడు, నా నోట్లకెల్లి గదే పాట వస్తే?"

భాయ్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "నేనుంటే లేసి పోనులే. నాకు తెలుసు కదా. ఇంకెవరన్నా ఉంటే, వాళ్లకు ఎవరు సెప్తారప్పా?"

మర్నాడు పొద్దున్నే ఇంటికి ఫోన్ చేసి నా భార్యకు మొత్తం చెప్పాను. ఆమె నవ్వింది. "గింత భయపడవడితివి, గదేం పాటనో ఒక్కసారి పాడు, నేనూ ఇంట," అంది. గుర్తులేదు అందామని నోరు తెరిచాను. మూడు చరణాలూ ఒక్క మాట పోకుండా నాలుక మీదే ఉన్నాయి.