ఆసిఫాబాద్ ఆటకు అడ్డుతెర

కరీంనగర్ నుంచి ఆసిఫాబాద్ వెళ్లాలనుకునేవాళ్లు పొద్దున ఆరింటికి బయలుదేరే మంచిర్యాల ఎక్స్‌ప్రెస్ పట్టుకోవడం మేలు. కాస్త ఆలస్యమైతే కాలేజీ పిల్లలతో నిండిపోయి ఒంటికాలి మీద నిలబడాలి. నేను ఐదింటికే బస్టాండులో ఉన్నాను. నాది ముందుచూపు అనుకునేరు, కాదు, భయం. రాత్రంతా కంటి మీద కునుకు లేదు.

భయం ఎందుకో ముందే చెప్పేస్తాను. మా అన్న సిరిసిల్లలో సాంచలు నడుపుతాడు. మరమగ్గాన్ని మా దగ్గర సాంచ అంటారు. అన్న కూతురు అఖిల డిగ్రీ రెండో ఏడాది చదువుతోంది. కబడ్డీలో కూతకు వెళ్లిందంటే ఉత్తచేతులతో తిరిగిరాదని అందరూ అంటారు. రెండు నెలల కింద ఒక టోర్నమెంటులో ఆమె ఆడుతుంటే ఎవడో ఆటల చానెల్ వాడు వీడియో తీసి పెట్టాడు. అందులో ఆట లేదు. కూతా లేదు, పట్టూ లేదు. పిల్లను కాళ్లొకసారి, నడుమొకసారి ముక్కలుగా చూపించి, నెమ్మదిగా తిప్పి, కింద ఏదో ప్రేమ పాట అతికించాడు. దాని కింద జనం రాసిన రాతలు చదివితే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ వీడియో సిరిసిల్ల సాంచల షెడ్లన్నీ తిరిగి తిరిగి చివరికి మా అన్న చేతిలోకి వచ్చింది.

అన్న అఖిలను కొట్టలేదు, తిట్టలేదు. రెండు రోజుల తర్వాత నాకు ఫోన్ చేశాడు. "ఆసిఫాబాద్‌ల జోనల్ ఆటలున్నయట. జట్టు వ్యాన్ల పంప. నువ్వు తోడు పోతనంటే పంపుత. గిసొంటి వీడియో ఇంకొక్కటి వచ్చిందా, ఇగ ఆట బందు. గా మాట దానికీ చెప్పిన."

అదీ సంగతి. గెలుపోటములు అఖిల చూసుకుంటుంది. వీడియో రాకుండా చూడటం నా పని. బడిలో జూనియర్ అసిస్టెంటుగా హాజరు పట్టీలు చూసుకునే మనిషిని, ఫోన్లు పట్టుకున్న లోకాన్ని నేనెట్లా ఆపను?

కండక్టరు ఆధార్ చూసి మా ఇద్దరికీ ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్లు ఇచ్చాడు. రాత్రే మా ఇంటికి వచ్చిన అఖిల కిటికీ పక్కన కూర్చుని సుల్తానాబాద్ రాకముందే నిద్రపోయింది. నాకు నిద్రెక్కడిది? బస్సులో ఎవరి ఫోన్ వెలిగినా మెడ సాచి చూడటమే సరిపోయింది. ఒకాయన పత్తి రేట్లు చూస్తున్నాడు, ఇంకొకామె మనవడి బర్త్‌డే ఫొటోలు. పెద్దపల్లి దాటాక పక్క వరస సీట్లోని పెద్దమనిషి అఖిల వైపు రెండు మూడుసార్లు చూసి, నా వైపు వంగాడు.

"గీ అమ్మాయి కబడ్డీ పిల్లనే గదా? ఫోన్ల జూసిన."

నేనే తిరిగి అడిగాను. "ఆట ఎట్లున్నది పెద్దనాయనా?"

"ఆటనా?" ఆయన నిజంగానే ఆలోచించాడు. "గా వీడియోల ఆట ఏడున్నది అమ్మా? పిల్లనైతే జూసిన."

ఆయన మాటలో ఎకసెక్కం లేదు, చూసింది చూసినట్టు చెప్పాడు. గోదావరి వంతెన మీద అందరూ రూపాయి బిళ్లలు వేసి దండం పెట్టుకుంటుంటే నేను మాత్రం అఖిల ముఖం మీదికి శాలువా లాగి కప్పాను. ఆమె నిద్రలోనే దాన్ని తోసేసింది.

మంచిర్యాలలో దిగేసరికి ఎనిమిదిన్నర దాటింది. బస్టాండు బయట ఇడ్లీ బాగుంటుంది, చట్నీ కారం. అక్కడి నుంచి బెల్లంపల్లి మీదుగా ఆసిఫాబాద్ బస్సు. రైలులో వెళ్లేవాళ్లకు ఒక మాట, ఆసిఫాబాద్ రోడ్ అని స్టేషన్ ఉంటుంది, అక్కడ దిగి ఊరొచ్చిందనుకోకండి. ఊరు ఇంకా చాలా దూరం, ఆటోనో బస్సో ఎక్కాలి. మేం బస్సులోనే పోయాం. బెల్లంపల్లి దాటాక చలి పెరిగింది, రోడ్డుకు రెండు పక్కలా పత్తి చేలు.

ఆసిఫాబాద్‌లో బస్టాండుకు దగ్గరలోనే లాడ్జి దొరికింది. గది చిన్నది, వేడినీళ్లు బకెట్లో తెచ్చిస్తారు. కింద హోటల్లో పొద్దున పోహా, మధ్యాహ్నం జొన్నరొట్టె. హోటల్ ఆయన మరాఠీ కలిసిన తెలుగు మాట్లాడతాడు, రెండో రొట్టె అడగకుండానే వేస్తాడు. అఖిల మూడు తిన్నది. నేను ఇంటి నుంచి తెచ్చిన సర్వపిండి ముక్క నోట్లో పెట్టుకుని మింగలేక కూర్చున్నాను.

మూడు గంటలకు సెమీఫైనల్. మైదానంలో ముందు మగపిల్లల ఆట జరుగుతోంది. మైకు పట్టుకున్నాయన గొంతు చించుకుంటున్నాడు. "పులిలా దూకిండు, రెండు పాయింట్లు." ప్రతి ఆటగాడి పేరూ, ఊరూ, పోయిన ఏడాది ఎన్ని పాయింట్లు తెచ్చాడో కూడా చెప్పాడు. ఆడపిల్లలు దిగగానే అదే మైకు ముద్దుగా మారిపోయింది. "ఇగ వస్తున్నరు మన ముద్దుగుమ్మలు. చలిని మరిపించే అందాలు." పేర్లు చెప్పలేదు. జనం ఈలలు వేశారు. అఖిల వంగి మధ్య గీతను తాకి దండం పెట్టుకుంది, తల ఎత్తలేదు.

అప్పటిదాకా మగపిల్లల కూతల కోసం మధ్య గీత పక్కన నిలబడి వీడియోలు తీసిన ఇద్దరు కెమెరా వాళ్లు కదిలి, కోర్టు చివరి గీత వెనక్కి పోయి నేల మీద చతికిలబడ్డారు. కూతకు వచ్చే పిల్ల వాళ్ల ఎదురుగానే వస్తుంది, కెమెరా ఆమె మోకాళ్ల ఎత్తున ఉంటుంది. నేను ఉండబట్టలేక పోయాను.

"తమ్మీ, ఇప్పటిదాక పక్కన నిలబడి తీస్తివి. ఆడపిల్లలు రాంగనే కిందికెల్లి ఎందుకు తీస్తున్నవ్?"

అతను నన్ను ఎగాదిగా చూశాడు. కోపం తెచ్చుకోలేదు, దానికే నాకు ఇంకా భయం వేసింది. "అక్కా, మగోళ్లదైతే రైడ్ చూస్తరు. వీళ్ల పాయింట్లు ఎవలు జూస్తరు చెప్పు? జనం ఏది చూస్తే గదే పెడ్తం. మాదీ పొట్టకూటి పనే."

వెనక్కి వచ్చి కూర్చున్నాను. సెమీఫైనల్ సగం చూశాను, సగం వాళ్ల కెమెరాలు చూశాను. అఖిల వాళ్లు గెలిచారు. ఆ రాత్రి ఆమె హాయిగా నిద్రపోతే నేను పక్కన కూర్చుని ఫోన్‌లో వెతుకుతూనే ఉన్నాను. వీడియో ఏదీ రాలేదు. రేపు వస్తుందేమో అన్న గుబులు మాత్రం పోలేదు.

మర్నాడు పదింటికి ఫైనల్. నా పక్కన మార్తమ్మ అని మెట్‌పల్లి ఆమె కూర్చుంది. పసుపు పండించే ఇల్లు వాళ్లది, మెథడిస్టు సంఘస్థులు. ఆమె బిడ్డ అదే జట్టులో పట్టు పట్టే పిల్ల. కూర్చోడానికి నేను తెచ్చిన గుడ్డ పరిచాను. మా అన్న సాంచ మీద నేసినదే, తెల్లది, పొడుగు చాలా ఉంది. కెమెరా వాళ్లు మళ్లీ అదే చోట చతికిలబడటం చూసి మార్తమ్మ అన్నది, "పొల్లగాండ్లు మల్ల ఆడనే కూసున్నరు. ఏం జేద్దాం ఒదినా?"

ఆలోచన ఎట్లా వచ్చిందో చెప్పలేను. మా ఇంట్లో పెళ్లికి అడ్డుతెర నేసేది పెళ్లికూతురి తండ్రి, పట్టేది మేనత్త. జీలకర్ర బెల్లం పెట్టేదాకా ఆ తెర దించకూడదు. నేను లేచి కింద పరిచిన గుడ్డను దులిపాను.

"అడ్డుతెర పట్టినట్టు ఒక కొస పట్టు మార్తమ్మా."

"మా పెండ్లిళ్ల అడ్డుతెర ఉండది గని, పట్టుడు నాకస్తది" అని ఆమె నవ్వుతూ లేచింది. ఇంకో ఇద్దరు తల్లులు మధ్యలో పట్టారు. కోర్టు చివరి గీత వెనక, కెమెరాలకూ ఆటకూ నడుమ, ఛాతీ ఎత్తున తెల్లటి తెర లేచింది. రెఫరీ ఒకసారి చూసి ఊరుకున్నాడు. కెమెరా వాళ్లు కుడివైపు జరిగితే మేమూ కుడివైపు, ఎడమకు జరిగితే మేమూ ఎడమకు. వాళ్లు ఎటు కదులుతారో తెలియాలి కదా, అందుకని నేను వాళ్ల వైపే తిరిగి నిలబడ్డాను. చేతులు గుంజుతున్నా గుడ్డ దించలేదు. జన్మలో అంత గట్టిగా దేన్నీ పట్టుకోలేదు.

ఆట నాకు వీపు వెనక వినబడింది. పాదాల చప్పుడు, కూత, ఈల. చివరలో జనమంతా ఒక్కసారి లేచారు. మైకాయన మొదటిసారి "అఖిల, అఖిల" అని పేరు పెట్టి అరిచాడు. మార్తమ్మ గుడ్డ వదిలేసి ఎగిరింది. నేను తిరిగి చూసేసరికి అఖిల మధ్య గీత మీద పడి ఉంది, జట్టంతా ఆమె మీద పడి ఉంది.

ఆమె మట్టి కొట్టుకున్న మోకాళ్లతో ఉరికి వచ్చింది. "అత్తా, చూసినవా? ముగ్గుర్ని ఒక్కసారే."

"చూసిన బిడ్డా." నోరు దానంతట అదే అనేసింది.

రాష్ట్ర జట్టు ఎంపికలకు అఖిలను పంపుతున్నట్టు అక్కడే చెప్పారు. కోచ్ మేడం నా దగ్గరికి వచ్చింది. ఆమె ముఖంలో సంతోషం ఉంది, ఇంకేదో కూడా ఉంది. "అక్కా, తప్పు పట్టుకోకుండ్రి. జట్టు కోసం ఆట మొత్తం తీద్దామని నా ఫోన్ గూడ గా దిక్కే స్టాండుకు పెట్టిన. గుడ్డనే వచ్చింది. గంట సేపు తెల్ల గుడ్డ." అఖిల పక్కనే నిలబడి విన్నది. బ్యాగులో బట్టలు కుక్కుకుంది.

మధ్యాహ్నం ఆటోలో ఆసిఫాబాద్ రోడ్ స్టేషన్‌కు వచ్చి, పెద్దపల్లి దాకా రైలు టికెట్లు తీసుకున్నాం. జనరల్ పెట్టెలో పల్లీలమ్మే ఆమె జరిగి చోటిచ్చింది. బెల్లంపల్లి దాటేదాకా అఖిల కిటికీలోంచి చూస్తూనే ఉంది. తర్వాత, నా వైపు తిరగకుండానే అన్నది.

"బాపు నా ఆట ఎన్నడు జూడలే అత్తా. సాంచ ఇడిశి రాడు. ఆయన జూసింది గా ఒక్క వీడియోనే. నేనాడితే అట్లుంటదనుకుంటుండు."

నాకు ఏడుపు ఆగలేదు. కొంగు అడ్డం పెట్టుకున్నాను. పల్లీలామె చూసి, అడగకుండా ఒక పొట్లం నా ఒళ్లో పెట్టింది.

అప్పుడే అన్న ఫోన్. వెనక సాంచల మోత, స్పీకర్ పెట్టినా గట్టిగా అరిస్తే గాని వినబడదు. "వీడియో ఏమన్న వచ్చిందా?"

"ఒక్కటి రాలే అన్నా. రానియ్యలే."

"మంచిది." తర్వాత అన్నాడు, "గెలిచిండ్రట గదా. ఎట్ల గెలిచిండ్రు?"

"అఖిలనే గెలిపిచ్చింది. ముగ్గుర్ని..."

"ఎట్ల? ముగ్గురు పట్టుకుంటే ఎట్ల ఒచ్చింది?"

నేను ఫోన్ కాస్త కిందికి దించాను. అఖిల నన్నే చూస్తోంది.

"నువ్వు చూడలే గదా అత్తా" అన్నది. కోపంగా కాదు.

"చూడలే బిడ్డా. నేను వాండ్ల దిక్కు తిరిగి ఉంటి."

ఆమె నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది. "బాపూ, నేను చెప్త ఇను."

"జర ఆగు" అన్నాడు అన్న. ఒక్కొక్కటిగా సాంచలు ఆగిపోవడం నాకూ వినబడింది. పని వేళలో మా అన్న సాంచలు ఆపడం నేను ఎరగను. "ఆఁ, ఇగ చెప్పు."

ఆమె చెప్పింది. ఒకరు చీలమండ పట్టుకున్నారనీ, ఊపిరి అయిపోతున్నా కూత వదల్లేదనీ, రెండో పిల్ల నడుము మీద పడితే ఆ బరువుతోనే ముందుకు ఒరిగిందనీ, వేలి కొస మధ్య గీతకు తగిలినప్పుడు మూడో పిల్ల ఇంకా ఆమె వీపు మీదే ఉందనీ. మధ్యలో అన్న ఆపి ఆపి అడుగుతున్నాడు, ఏ కాలు, ఏ చెయ్యి, గీత ఎంత దూరం. మంచిర్యాలలో జనం దిగారు, ఎక్కారు. ఆమె చెబుతూనే ఉంది. చివరికి ఆయన గొంతు సన్నగా వినబడింది. "ఎంపికలు ఎన్నడట? ఏడనట?"

ఆసిఫాబాద్ ఎట్లా ఉందని ఇప్పుడు ఎవరడిగినా బస్సుల వేళలు, జొన్నరొట్టె, లాడ్జి వేడినీళ్లు అన్నీ చెప్పగలను. ఆ కూత సంగతి మాత్రం సిరిసిల్ల దాటని మా అన్నకూ, ఆసిఫాబాద్ దాకా పోయి వచ్చిన నాకూ తెలిసింది ఒకేసారి, ఆ రైల్లోనే.