శౌరి తవ్విన గిటారు

నూజివీడులో వీణలు చేసే శౌరికి చెక్క కనిపిస్తే చేతులు ఊరుకోవు. పనస దుంగను తవ్వి బోలు చేస్తే గానీ ఆయనకు అన్నం సహించదు. ఒకటే దిగులు. ఊరూరా తన వీణలు మోగుతున్నాయి గానీ సొంత ఇంట్లో ఒక్క ప్రాణి తన చేతి పని వాయించిన పాపాన పోలేదు. కూతురు షాలోమి చర్చిలో వాయించేది విజయవాడలో కొన్న కరెంటు గిటారు!

చర్చి పండగ దగ్గరపడగానే ఆ గిటారు జారిపడి చెక్క నిలువునా చీలింది.

"నాన్నా, ఇదే కొలతకి ఓ చెక్క కోసిపెట్టు. తీగలూ వైర్లూ నేను బిగించుకుంటా. తవ్వకు మాత్రం," అంది షాలోమి.

"బోలు లేని వాద్యం ఏంటే? పీటా?"

"పీటే! పూర్వం అమెరికాలో గిటార్లు బోలుగానే ఉండేవి. స్పీకరు పెడితే ఆ మోతంతా బోలులోకి దూరి కుయ్యోమనేవి. రేడియోలు బాగుచేసే ఒకాయన ఉత్త పలక కోసి, మెడని స్క్రూలతో బిగించి, తీగల కింద అయస్కాంతాలు పెట్టి అమ్మాడు. డెబ్భై ఏళ్లు దాటినా లోకమంతా ఆ పీటనే వాయిస్తోంది."

శౌరి సరే అన్నాడు. అన్నాడంతే. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు కదా! వెనకవైపు నుంచి చెక్క కడుపంతా తవ్వేసి, పైన మూత పెట్టి స్క్రూలు బిగించాడు.

"ఇంత తేలిగ్గా ఉందేంటి నాన్నా?"

"ఎండిన పనస అమ్మా!"

పండగ పూజలో షాలోమి తీగ మీటిందో లేదో, స్పీకరు ఊళ వేసింది. ఫాదర్ గారు చెవులు మూసుకున్నారు. "అబ్బ, ఏం నాదం!" అని శౌరి పొంగిపోబోయి, కూతురి కళ్లలో నీళ్లు చూసి చల్లబడ్డాడు. ఆమె అప్పటికే గిటారు భుజం మీంచి దించేస్తోంది.

"తవ్వావు కదూ?" భార్య ఇన్నమ్మ పళ్లు నూరింది. "పిల్ల పరువు పోతోంది, ఏం చేస్తావో చెయ్యి!"

శౌరి పరుగెత్తి కూతురి చేతిలోంచి గిటారు అందుకున్నాడు. జేబులో స్క్రూడ్రైవరు లేకుండా ఆయన చర్చికి కూడా రాడు లెండి. మూత విప్పి, ఎవరో కానుకగా తెచ్చిన మామిడిపళ్ల బుట్టలోంచి వరిగడ్డి లాగి, ముద్దుగా తవ్వుకున్న ఆ కడుపులోకి తన చేత్తోనే కుక్కాడు. ఊళ ఆగింది. షాలోమి పాటంతా వాయించింది. శౌరి సరిగ్గా వినను కూడా లేదు, కండువాతో కళ్లు ఒత్తుకుంటూ కూర్చున్నాడు.

పూజయ్యాక తల దించుకుని బయట నిలబడ్డ తండ్రి దగ్గరికి వచ్చింది షాలోమి.

"నాన్నా, ఇంకోటి చేసిపెట్టు. ఇకమీదట నువ్వు చేసిందే వాయిస్తా. ఈసారి తవ్వకు."

"తవ్వనమ్మా, ఒట్టు!" అన్నాడు శౌరి. రెండు వేళ్ల మధ్య సందు చూపిస్తూ, "కొంచెం?" అన్నాడు.